స్టీరింగు చెప్పే మాట



కోలారు టమాటా మండీ దగ్గర పొద్దు వాలాక ఎప్పుడైనా నిలబడి చూశారా? బాక్సులు ఎక్కించడం అయిపోతుంది. పట్టా కప్పి తాళ్ళు బిగిస్తారు. లారీ కదులుతుంది. ముళబాగిలు దాటాలి. నంగలి దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటాలి. పలమనేరు మీదుగా పోయి మొగిలి ఘాట్ దిగాలి. సన్నగా వాన పడుతోందనుకోండి. మలుపు వచ్చింది. డ్రైవరు చూపు రోడ్డు మీదే ఉంది. అయినా టైరు పట్టు సడలుతోందన్న కబురు ఆయన కళ్ళకు అందదు. చేతులకు అందుతుంది. అంతదాకా బరువుగా ఉన్న స్టీరింగు ఉన్నట్టుండి కాస్త తేలికవుతుంది. అంతే. ఆ కాస్త తేడా పసిగట్టిన మనిషి వెంటనే వేగం తగ్గిస్తాడు.

పవర్ స్టీరింగు రాకముందు లారీలు నడిపిన పెద్దవాళ్ళు మీ వీధిలో ఉంటే అడగండి. ముందు టైరులో గాలి తగ్గిందన్నా, చక్రాల అలైన్‌మెంటు పోయిందన్నా, వాళ్ళకు బండి దిగకముందే తెలిసిపోయేది. అరచేతులతో రోడ్డు చదివిన మనుషులు వాళ్ళు.

ఇవాళ నేను మాట్లాడబోయేది నిజం లారీల గురించి కాదు లెండి. మన పిల్లలు కంప్యూటర్ ముందు బల్లకు బిగించుకుని ఆడే స్టీరింగుల గురించి. రేసు గేములకు, లారీ గేములకు వాడే స్టీరింగుల గురించి. వాటిలో ఒక మోటారు ఉంటుంది. గేములో కారు మలుపు తిరిగితే మోటారు ఇక్కడ చక్రాన్ని లాగుతుంది. గుంతలో పడితే కుదుపుతుంది. దీన్ని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. కోలారులోనూ, బంగారపేటలోనూ, రాబర్ట్‌సన్‌పేటలోనూ ఇళ్ళలోకి ఇవి వచ్చేశాయి. ఎక్కువ భాగం బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసినవి. సెకండ్‌హ్యాండ్ సరుకు. దాంతోపాటే ఫిర్యాదులూ వచ్చాయి. స్టీరింగు చచ్చిపోయిందనేవాళ్ళు, వణుకుతోందనేవాళ్ళు, రాయిలా బిగుసుకుపోతోందనేవాళ్ళు. ఈ ఫిర్యాదుల సంగతేమిటో ఈ కాసేపు చూద్దాం.

అంతకన్నా ముందు టైరు సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

మీరు స్టీరింగు తిప్పారు. ముందు చక్రాలు పక్కకు తిరిగాయి. తిరిగిన టైరు ఊరుకోదు. మళ్ళీ తిన్నగా రావాలని చూస్తుంది. ఆ లాగుడే కడ్డీల గుండా పైకి వచ్చి మీ చేతికి బరువుగా తగులుతుంది. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త బరువు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. దీని తర్వాత జరిగేది మాత్రం చాలామంది గమనించరు. టైరు పట్టు పూర్తిగా పోకముందే, పట్టు ఇంకా కొంచెం మిగిలి ఉండగానే, ఆ లాగుడు తగ్గడం మొదలుపెడుతుంది. అంటే చెయ్యి తేలికవడం ముందు జరుగుతుంది. బండి జారడం తర్వాత జరుగుతుంది. మళ్ళీ చెబుతాను, ఎందుకంటే రేడియోలో వెనక్కి తిప్పి వినే వీలు లేదు కదా. ముందు స్టీరింగు తేలికవుతుంది. ఆ తర్వాతే బండి జారుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న చిన్న వ్యవధే డ్రైవరుకు దొరికే అవకాశం.

కాబట్టి స్టీరింగు మాట్లాడేది బరువులో వచ్చే తేడాతో. ఎంత బరువుగా ఉందన్నది పెద్ద విషయం కాదు. ఎప్పుడు బరువెక్కింది, ఎప్పుడు తేలికయింది అన్నదే అసలు విషయం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చివరిదాకా ఇదే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇంతకీ ఈ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఎక్కడిది? దూరంగా ఉన్న వస్తువు బరువును చేతికి తెలియజెప్పే యంత్రాలు ఆటల కోసం పుట్టలేదు. 1950లలో అమెరికాలో షికాగో దగ్గర ఆర్గాన్ నేషనల్ లేబరేటరీలో రేమండ్ గోర్ట్స్ అనే ఇంజనీరు కరెంటుతో నడిచే యంత్రపు చేతులు తయారుచేశాడు. రేడియోధార్మిక పదార్థాన్ని మనిషి ముట్టుకోకూడదు. గోడకు అవతల ఇనప చెయ్యి పట్టుకుంటుంది. పట్టు ఎంత గట్టిగా ఉందో ఇవతల మనిషి చేతికి తెలుస్తుంది. తెలియకపోతే గాజు సీసా నలిగిపోతుంది మరి. అదే ఉపాయం తర్వాత ఆటల్లోకి వచ్చింది. 1989లో అటారీ కంపెనీ హార్డ్ డ్రైవిన్ అనే ఆట యంత్రాన్ని తెచ్చింది. నాణెం వేసి ఆడుకునేది. దాని స్టీరింగులోనే మోటారు ఉండేది. 1990ల చివరికి అలాంటి చక్రాలు ఇళ్ళలోకి వచ్చాయి. ఇప్పుడు లాజిటెక్, థ్రస్ట్‌మాస్టర్, ఫనాటెక్, మోజా లాంటి పేర్లు గేములాడే పిల్లలకు నోటికి వచ్చు.

మన కేజీఎఫ్‌లో, అదే కోలారు బంగారు గనుల్లో, ఇలాంటి విద్య ఒకటి ఉండేది. గనుల రోజుల్లో వైండింగ్ ఇంజన్ డ్రైవరు పని. ఆయన పైన ఇంజన్ గదిలో ఉంటాడు. కేజీలో, అంటే తాడుకు వేలాడే ఇనప పంజరంలో, మనుషులు భూమి లోపలికి దిగుతుంటారు. మధ్యలో వేల అడుగుల ఉక్కు తాడు. కేజీ ఆయన కంటికి కనిపించదు. కనిపించేది తాడు చుట్టుకునే డ్రమ్ము, లోతు చూపించే ముల్లు. వినిపించేది గంట. ఆ గంట లెక్కనుబట్టి, ఆ ముల్లు కదలికనుబట్టి, ఎక్కడో చీకట్లో ఉన్న కేజీని సరిగ్గా గుమ్మం దగ్గర ఆపాలి. చాంపియన్ రీఫ్ గని ప్రపంచంలోనే లోతైన గనుల్లో ఒకటి. మూడు కిలోమీటర్లు దాటిన లోతు. అంత లోతుకు ఒకే షాఫ్టులో దిగేందుకు లేదు. ఒకదాంట్లో దిగి, లోపల నడిచి, మరోదాంట్లో దిగాలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. ఆ గంటలు ఆగిపోయాయి. ఆ పని చేసినవాళ్ళ మనవళ్ళే ఇప్పుడు గేములాడుతున్నారు. ఈ తాడు సంగతితో మళ్ళీ పని పడుతుంది. గుర్తుంచుకోండి.

ఇక ఫిర్యాదులకు వద్దాం.

మొదటిది, స్టీరింగు చచ్చిపోయిందనే ఫిర్యాదు. రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి అబ్బాయి ఒకడు పిలిచాడు. "అన్నా, స్టీరింగ్ తిరగతా ఉండాది, బటన్లు పడతా ఉండాయి, కానీ జీవం లేదన్నా" అన్నాడు. వెళ్ళి చూశాను. చదువుకునే బల్లకు బిగించి ఉంది. లైటు వెలుగుతోంది. పెడల్ నొక్కితే గేములో కారు కదులుతోంది. కానీ మలుపులో చక్రం చేతికి ఏమీ చెప్పడం లేదు. బల్ల కిందికి వంగి చూస్తే, యూఎస్‌బీ తీగ ఒక్కటే ఉంది. కరెంటు అడాప్టరు తగిలించలేదు. "అడాప్టరేదప్పా?" అంటే, "లైటు వెలగతా ఉండాది కదన్నా, అది దేనికి?" అన్నాడు.

చాలా స్టీరింగుల్లో ఇదే తంటా. లైటుకూ బటన్లకూ కంప్యూటర్ నుంచి యూఎస్‌బీలో వచ్చే కరెంటు చాలు. మోటారుకు చాలదు. మోటారుకు వేరే అడాప్టరు ఉంటుంది. అది లేకపోతే స్టీరింగు బతికున్నట్టే కనిపిస్తుంది. కానీ మాట పడిపోయి ఉంటుంది. కాబట్టి బలం అసలే లేదంటే మొదట చూడవలసింది అడాప్టరు. మోటారు విప్పకండి. మొదట అడాప్టరు చూడండి. అది బాగుంటే గేములో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అనే మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొన్ని మోడళ్ళకు పక్కన చిన్న స్విచ్చు ఉంటుంది, ఏ యంత్రానికి తగిలించారో చెప్పడానికి. అది తప్పు వైపు ఉన్నా ఇదే కథ. గేములు అమ్మే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇంకో చిక్కుంది. అవి స్టీరింగును మామూలు గేమ్‌ప్యాడ్ అని గేముకు పరిచయం చేస్తాయి. గేమ్‌ప్యాడ్ అనుకున్న గేము చక్రానికి బలం పంపదు. ఆ సెట్టింగు తీసేస్తే ప్రాణం లేచి వస్తుంది.

కరెంటు మాట వచ్చింది కనుక ఇంకొకటి. చాలా రకాల్లో స్టీరింగుకు కరెంటు ఇవ్వగానే అది తనంతట తాను ఎడమకూ కుడికీ పూర్తిగా తిరుగుతుంది. నడుమ ఎక్కడో వెతుక్కుంటోందన్నమాట. అప్పుడు చెయ్యి పెట్టకూడదు. సరదాగా పట్టుకుంటే తప్పు చోటునే నడుమ అనుకుంటుంది. ఆ తర్వాత కారు తిన్నని రోడ్డు మీద కూడా పక్కకు పోతుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇది జరుగుతుంది. మన ఊళ్ళలో కరెంటు పోయి రావడం గురించి వేరే చెప్పాలా! కాబట్టి అది తిరిగి ఆగేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి.

ఇక రెండోది. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పెద్ద సమస్య. విచిత్రమేమిటంటే దీన్ని చాలామంది సమస్య అనుకోరు.

కొత్తగా స్టీరింగు కొన్నవాడు మొదట చేసే పని ఏమిటి? గేము సెట్టింగుల్లోకి వెళ్ళి బలం నూటికి నూరు పెట్టేస్తాడు. డబ్బు పోసి కొన్నాం, తక్కువ పెట్టుకోవడమేమిటని. చక్రం బండలా బిగుసుకుంటుంది. రెండు చేతులా తిప్పాలి. చెమట పడుతుంది. ఆహా, నిజం కారు లాగే ఉంది అనుకుంటాడు. కానీ మలుపు మలుపుకూ జారి గోడకు కొట్టుకుంటాడు. ఎందుకు జారుతున్నాడో తెలియదు.

జాతరలో మైకు సెట్టు విన్నారు కదా. ఆపరేటరు వాల్యూము చివరిదాకా తిప్పేస్తాడు. శబ్దం ఊరంతా వినిపిస్తుంది. పాట మాత్రం అర్థం కాదు. పల్లవి ఏదో చరణం ఏదో తెలియదు. అంతా ఒకటే బరబర. స్పీకరు ఇవ్వగలిగినంత ఇచ్చేసింది. అంతకుమించి వచ్చినదంతా నెత్తి తెగిపోయి ఒకే ఎత్తులో వస్తోంది. స్టీరింగు మోటారులో జరిగేది అచ్చంగా ఇదే. దీన్ని క్లిప్పింగ్ అంటారు.

నెమ్మదిగా చెబుతాను. మోటారుకు ఒక గరిష్ఠ బలం ఉంటుంది. అంతకుమించి లాగలేదు. చాలా ఇళ్ళలో ఉండే లాజిటెక్ జీ29 లాంటి గేర్ల స్టీరింగు బలం సుమారు రెండు న్యూటన్ మీటర్లు. అంటే చక్రం అంచున ఒకటిన్నర కిలోల బరువు వేలాడదీస్తే ఎంతో అంత. గేము మలుపులో ఆరు భాగాల బరువు పంపింది అనుకోండి. తర్వాత ఎనిమిది, తర్వాత పది. ఆపైన టైరు సడలుతోంది కనుక మళ్ళీ ఎనిమిదికి దించింది. మోటారు పదిదాకా ఇవ్వగలిగితే మీ చేతికి ఆ దిగడం తెలుస్తుంది. ఇప్పుడు మీరు బలం రెండింతలు చేశారు. ఆరు పన్నెండయింది. ఎనిమిది పదహారయింది. పది ఇరవై అయింది. మోటారు ఇవ్వగలిగేది పదే. కాబట్టి అన్నీ పదిగానే వస్తాయి. పది, పది, పది, మళ్ళీ పది. ఎక్కడం లేదు, దిగడం లేదు. టైరు సడలిన కబురు గేము పంపింది. మోటారు మింగేసింది.

ఇందాకటి మాట గుర్తుందా? స్టీరింగు మాట్లాడేది తేడాతో. తేడా పోతే మాట పోయినట్టే. బలం పెంచి పెంచి మనమే దాని గొంతు నొక్కేశాం.

దీనికి మందు చాలా చవక. గేములో ఒక పొడవాటి మలుపు చూసుకోండి. అక్కడ మామూలు వేగంతో పోతూ బలం మెల్లగా తగ్గించుకుంటూ రండి. కొన్ని గేములు తెరమీద చిన్న పట్టీ చూపిస్తాయి. ఇటలీలో తయారైన అసెట్టో కోర్సా అనే గేములో అలాంటి పట్టీ ఉంది. మోటారు హద్దు తాకితే అది ఎర్రబడుతుంది. గుంతలోనో, రోడ్డు అంచు గట్టు ఎక్కినప్పుడో ఒక్క క్షణం ఎర్రబడితే పరవాలేదు. మలుపు పొడుగునా ఎర్రగానే ఉంటే బలం ఎక్కువైందని అర్థం. తగ్గించండి. చక్రం మెత్తబడుతుంది. మొదట నచ్చదు. కాస్త ఆడాక టైరు సడలడం వేళ్ళకు తెలియడం మొదలవుతుంది. అప్పుడు ఇక నూరు జోలికి పోరు.

ఇంకొక జాగ్రత్త. బలం మార్చే మీట రెండు చోట్ల ఉంటుంది. స్టీరింగు కంపెనీ సాఫ్ట్‌వేరులో ఒకటి. గేములో ఒకటి. రెండూ కలిపి తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు. కంపెనీదాన్ని అలాగే వదిలేసి గేములో ఉన్నదాన్నే మార్చండి. ఒకటి మార్చి, ఆడి చూసి, ఆ తర్వాతే ఇంకొకటి. అదే సాఫ్ట్‌వేరులో సెంటరింగ్ స్ప్రింగ్ అని ఒకటుంటుంది. అది చక్రాన్ని ఎప్పుడూ నడుమకు లాగుతూ ఉంటుంది. టైరు సంగతి దానికి పట్టదు. బలం పంపే గేములకు దాన్ని తీసేయాలి. లేకపోతే అది లాగే లాగుడు, టైరు లాగే లాగుడు రెండూ కలిసిపోయి ఏది నిజమో తెలియదు.

కొందరు చేసేది దీనికి తిరగమరగ. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ గేముంది. 2012లో వచ్చింది. మన కుర్రాళ్ళకు దాని మీద మోజు ఎక్కువ. అందులో మన ఆర్టీసీ బస్సుల రూపాలు తెచ్చి పెట్టుకుని నడుపుతారు. స్టీరింగు తేలిగ్గా ఉంది, ఏదో చెడిపోయిందని వస్తారు. చెడిపోలేదప్పా! ఈనాటి లారీకి పవర్ స్టీరింగు ఉంటుంది. అది నిజంగానే తేలిక. తాత నడిపిన పాత బండి బరువు ఈ గేములో దొరకదు. లేని బరువును మోటారుతో పుట్టించబోతే వచ్చేది వణుకే.

ఆ వణుకే మూడో ఫిర్యాదు.

తిన్నని రోడ్డు. చేతులు వదిలారు. చక్రం ఎడమకూ కుడికీ ఊగడం మొదలుపెడుతుంది. మొదట కొద్దిగా. తర్వాత పెద్దగా. చివరికి బల్లంతా గడగడలాడుతుంది. ఇంట్లోవాళ్ళు దయ్యం పట్టిందంటారు.

ఇప్పుడు ఆ గని తాడు దగ్గరికి రండి. అంత పొడవున్న ఉక్కు తాడు చూడ్డానికి గట్టిదే కానీ సాగుతుంది. కింద కేజీలోకి మనుషులు ఎక్కితే కేజీ కాస్త దిగుతుంది. దిగిపోతే కాస్త లేస్తుంది. పైన డ్రమ్ము ఆపినంత మాత్రాన కింద కేజీ ఆ క్షణమే నిలబడదు. కొంచెం ఊగి నిలబడుతుంది. ఆ ఊపు చూసి పైనుంచి తొందరపడి సర్దబోతే ఏమవుతుంది? మీ సర్దుబాటు కిందికి చేరేసరికి కేజీ అప్పటికే రెండో వైపు ఊగుతూ ఉంటుంది. ఆపడానికి చేసిన పని ఊపడానికి పనికొస్తుంది. అందుకే ఆ పనిలో చెయ్యి మెత్తగా ఉండాలి.

గేము స్టీరింగులోనూ తాడు ఉంది. కంటికి కనిపించని తాడు. చక్రం ఎక్కడుందో గేముకు తెలియాలి. గేము లెక్క వేయాలి. ఆ బలం తీగలో తిరిగి రావాలి. మోటారు తిరగాలి. ఇదంతా కనురెప్ప పాటుకన్నా తక్కువే. అయినా ఆలస్యం ఆలస్యమే. గేము చక్రాన్ని నడుమకు రమ్మంటుంది. ఆ మాట చేరేసరికి చక్రం నడుమ దాటి అవతలికి పోయి ఉంటుంది. మళ్ళీ వెనక్కి రమ్మంటుంది. మళ్ళీ దాటిపోతుంది. బలం ఎంత ఎక్కువ పెడితే ఊపు అంత ఎక్కువ. కాబట్టి ఇక్కడా మొదటి మందు బలం తగ్గించడమే. రెండోది డాంపింగ్ అనే సెట్టింగు. అది ఊపుకు కొంచెం అడ్డు వేస్తుంది. కొంచెమే వేయాలి. ఎక్కువ వేస్తే చక్రం జిగురులో తిరిగినట్టుంటుంది, సన్నని కబుర్లన్నీ పోతాయి. మూడోది అన్నిటికన్నా తేలిక. చక్రం పట్టుకోండి! మనిషి చెయ్యే ఊపుకు అడ్డు. నిజం కారులో మాత్రం చేతులు వదిలేసి ఎవరు నడుపుతారు?

టీవీ ముందు ఆడేవాళ్ళకు ఆలస్యం ఇంకో రూపంలో వస్తుంది. చాలా టీవీలు బొమ్మను అందంగా దిద్ది చూపిస్తాయి. ఆ దిద్దడానికి సమయం పడుతుంది. చేతికి కుదుపు ముందు తగులుతుంది. కంటికి గుంత తర్వాత కనిపిస్తుంది. టీవీలో గేమ్ మోడ్ అని ఉంటుంది. అది పెట్టుకోండి.

నాలుగోది, నడుమ చచ్చుబడటం. చక్రం తిన్నగా ఉన్నప్పుడు అటూ ఇటూ కొద్దిగా తిప్పితే చేతికి ఏమీ తగలదు. ఆ తర్వాత ఒక్కసారి బరువు వస్తుంది. గేర్ల స్టీరింగుల్లో ఇది సహజం. మోటారుకూ చక్రానికీ మధ్య పళ్ళ చక్రాలు ఉంటాయి. వాటి రాపిడే చిన్న చిన్న బలాలను తినేస్తుంది. కొన్ని గేములు దీనికి కనీస బలం అనే సెట్టింగు ఇస్తాయి. కొద్ది కొద్దిగా పెంచండి. నడుమ ప్రాణం వచ్చేదాకా పెంచి ఆపేయండి. పళ్ళు టకటకమంటే ఎక్కువైనట్టు. పళ్ళ చక్రాల బదులు బెల్టు ఉండే స్టీరింగుల్లో ఈ బాధ తక్కువ. మోటారు ఇరుసుకే చక్రం బిగించే రకంలో, డైరెక్ట్ డ్రైవ్ అంటారు దాన్ని, అందులో ఇంకా తక్కువ. బెల్టు రకాలకు వేరే గుణం ఉంది. గంటల తరబడి ఆడితే మోటారు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. అది జబ్బు కాదు. కాసేపు ఆపండి, చల్లారాక మళ్ళీ వస్తుంది.

బల్ల సంగతి కూడా చెప్పాలి. ప్లాస్టిక్ బల్లకు బిగించి, ఫీలింగ్ రావడం లేదంటారు. మోటారు చక్రాన్ని లాగితే బల్ల కూడా వంగుతుంది. చేతికి రావలసిన కబురులో సగం బల్లే తీసుకుంది. స్టీరింగు మార్చేముందు బల్ల మార్చండి. అమ్మమ్మ నాటి చెక్కబల్ల ఉంటే అంతకన్నా మంచిది లేదు.

డైరెక్ట్ డ్రైవ్ మాట వచ్చింది కనుక తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. చిన్నవి సుమారు నాలుగు న్యూటన్ మీటర్లతో మొదలవుతాయి. పెద్దవి ఇరవై దాటుతాయి. ఇరవై అంటే చక్రం అంచున సుమారు పద్నాలుగు కిలోలు లాగినట్టు. మన మండీలో ఒక టమాటా బాక్సు పదిహేను కిలోలు. అంత బరువు ఒక్క విసురుగా తిరిగితే బొటనవేలు ఏమవుతుంది? గేములో కారు గోడకు కొట్టుకున్నప్పుడు సరిగ్గా అదే జరుగుతుంది. బొటనవేలు చక్రం కమ్మీల లోపల పెట్టకూడదు. చిన్నపిల్లలు ఆడేటప్పుడు బలం బాగా తగ్గించాలి. ఆపే బటను చేతికి అందేలా ఉండాలి.

ఇంత బలం నిజంగా కావాలా అని నన్నడిగితే, చాలామందికి అక్కర్లేదంటాను. స్పెయిన్ దేశస్థుడు లూకాస్ ఓర్డోన్యెజ్ 2008లో ప్లేస్టేషన్ గేము పోటీలో గెలిచి నిజం రేసుల్లోకి వెళ్ళాడు. 2011లో బ్రిటన్ కుర్రాడు యాన్ మార్డెన్‌బరో అదే దారిలో వెళ్ళాడు. అతని కథ 2023లో గ్రాన్ టురిస్మో పేరుతో సినిమాగా కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఇళ్ళలో ఉన్న స్టీరింగులు ఇప్పటి లెక్కలో బలహీనమైనవే. నిజం రేసు డ్రైవర్ల సంగతీ చూడండి. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్ల రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊరి రోడ్లనే ట్రాకుగా మార్చిన రేసు అది. అలాంటి చోట ముందుగా రోజుల తరబడి ప్రాక్టీసు చేసేందుకు ట్రాకు ఉండదు. అందుకే టీములు సిమ్యులేటర్ల మీద తయారై వస్తాయి. అక్కడ డ్రైవరు చేతులు వెతికేదీ ఆ ఎక్కడం, దిగడం అనే తేడానే.

ఇక సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఫోటో చూసి డబ్బు పంపకండి. బెంగళూరు ఎంత దూరమని? మారికుప్పం రైలెక్కితే పోయి చూసి రావచ్చు. అమ్మేవాణ్ణి కరెంటు పెట్టమనండి. గేర్లదీ బెల్టుదీ అయితే చక్రం రెండు వైపులా పూర్తిగా తిరిగి నడుమకు వచ్చి ఆగాలి. నడుమకు రాకుండా ఎక్కడో పక్కన ఆగితే అనుమానించండి. పాత గేర్ల స్టీరింగుల్లో మోటారు ఇరుసు మీద చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. చక్రం ఎక్కడుందో లెక్కపెట్టేది అదే. అది పగిలితే లెక్క తప్పుతుంది. ఆడుతూ ఆడుతూ ఉంటే నడుమ జరిగిపోతుంది. అందుకని రెండు నిమిషాలు ఆడి బాగుందనకండి. అరగంట ఆడండి. గట్టిగా తిప్పండి. గోడకు కొట్టండి. ఆ తర్వాత తిన్నని రోడ్డు మీదికి వచ్చి చూడండి, నడుమ ఉన్నచోటే ఉందా అని. ఆ బిళ్ళ చిన్నదే, మార్చుకోవచ్చు. కానీ విప్పడం తెలిసిన చెయ్యి కావాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

అడాప్టరు ఉందా అని మాత్రం మొదటే అడగండి. లేదంటే వచ్చేయండి. బయట దొరికే ఏదో ఒకటి తగిలించుకోవచ్చులే అంటారు. వోల్టేజి తేడా వస్తే మోటారుతో పాటు లోపలి బోర్డు కూడా పోవచ్చు. అప్పుడు మిగిలేది పిల్లలు బర్రుమంటూ తిప్పుకోవడానికి ఒక ప్లాస్టిక్ చక్రం.